జాగ్రత్తగా వెళ్లమంటే చాలదు



ఉదయం బడివేళకు మన ఇళ్లన్నిటిలోనూ వినబడే మాట ఒకటున్నది. బిడ్డ సంచి తగిలించుకొని గడప దాటుతుంటే లోపలినుండి తల్లి, “రోడ్డు మీద జాగ్రత్తగా వెళ్లు నాయనా” అంటుంది. “అట్లాగేనమ్మా” అంటూ వాడు పరుగెత్తుతాడు. తల్లి మనసు కుదుటపడుతుంది. అయితే ఆ మాటలో బిడ్డకు అర్థమైనది ఎంత?

పాలగిన్నె తెస్తుంటే జాగ్రత్త అంటాము. కొత్త చొక్కా వేసుకుంటే జాగ్రత్త అంటాము. చిల్లర డబ్బులు చేతికిచ్చి జాగ్రత్త అంటాము. అదే మాట రోడ్డు గురించీ అంటాము. ఎక్కడ ఆగాలో, ఎటు చూడాలో, ఎప్పుడు అడుగు వేయాలో ఆ మాట చెప్పదు. పెద్దవారికి అనుభవమున్నది గనుక ఆ ఒక్క మాటలో అన్నీ స్ఫురిస్తాయి. ఆరేళ్ల బిడ్డకు అది అమ్మ రోజూ అనే మాట మాత్రమే. అందుకే రోడ్డును గూర్చి చిన్నబిడ్డలకు ఎలా నేర్పాలో ఈ నెల మన శీర్షికలో ఆలోచిద్దాము.

మన ఊరి దారి మారిపోయింది

ఒకప్పుడు పల్లెలలో మట్టిదారులు, కంకరరోడ్లు ఉండేవి. ఎడ్లబండి, సైకిలు, రోజుకు రెండు మూడుసార్లు వచ్చే బస్సు తప్ప వేరే రాకపోకలు తక్కువ. గతుకులే వేగాన్ని అదుపులో పెట్టేవి. 2000 డిసెంబరులో ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన ప్రారంభమైన తరువాత దేశమంతటా మారుమూల గ్రామాలకు కూడ తారురోడ్లు వచ్చాయి. ఇది మేలే. పంట మార్కెట్టుకు చేరుతున్నది, రోగి ఆసుపత్రికి చేరుతున్నాడు. కాని నున్నని రోడ్డుతోపాటు వేగమూ మన గడప ముందుకు వచ్చింది. కోస్తా జిల్లాల మీదుగా పోయే మద్రాసు–కలకత్తా రహదారినే చూడండి. అప్పట్లో అది 5వ నంబరు, 2010 నుండి 16వ నంబరు. ఒకనాడు ఊరి మధ్యగా పోయిన ఆ దారి నేడు నాలుగు వరుసలై, కొన్నిచోట్ల ఆరు వరుసలై ఉన్నది. ఊరు ఒకవైపు, పొలమో బడో ఇంకొకవైపు.

కేంద్ర ప్రభుత్వ లెక్కల ప్రకారం 2022వ సంవత్సరంలో మన దేశంలో రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది ప్రాణాలు కోల్పోయారు. వారిలో 18 ఏళ్లు నిండనివారు 9,500 మందికి పైగా ఉన్నారు. అంటే సగటున రోజుకు 26 మంది పిల్లలు. ప్రపంచమంతటా 5 నుండి 29 ఏళ్ల మధ్య వయస్సువారి మరణాలకు రోడ్డు ప్రమాదాలే మొదటి కారణమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. జ్వరం వస్తే పరుగెత్తే మనం, టీకాల తేదీలు మరువని మనం, ఈ విషయాన్ని ఒక్క మాటతో సరిపెట్టుకోవడం న్యాయమా?

బిడ్డ చూపు మన చూపు కాదు

“ఎన్నిసార్లు చెప్పినా వినడు” అని తల్లిదండ్రులు విసుక్కోవడం మేము తరచుగా వింటుంటాము. చాలాసార్లు అది అవిధేయత కాదు. బిడ్డకు ఇంకా ఆ శక్తి రాలేదు. స్వీడన్ దేశంలో స్టీనా సాండెల్స్ అనే పరిశోధకురాలు రోడ్డు మీద పిల్లల ప్రవర్తనను ఎంతో కాలం పరిశీలించి 1968లో ఒక గ్రంథం ప్రచురించారు. ఎంత బోధించినా చిన్నపిల్లలు పెద్దవారివలె రోడ్డుకు తగినట్లు నడుచుకోలేరనీ, వారి ఎదుగుదలే దానికి అడ్డమనీ ఆమె తేల్చారు. ఆ మాటలో ఉన్న సంగతులు మన పిల్లలలోనూ కనబడతాయి.

మొదటిది ఎత్తు. అయిదేళ్ల బిడ్డ సుమారు మూడున్నర అడుగులుంటాడు. ట్రాక్టరు వెనుక చక్రం అంతకంటె ఎత్తు. ఆగివున్న ఆటో వెనుక నిలిచిన బిడ్డకు రోడ్డు కనబడదు, డ్రైవరుకు బిడ్డ కనబడడు.

రెండవది మనస్సు. మూడేళ్ల పాప దాగుడుమూతలాడుతూ తన కళ్లు మూసుకొని, తాను ఎవరికీ కనబడడం లేదనుకుంటుంది. కొంచెం పెద్దయ్యాక కూడ ఈ తలంపు మరొక రూపంలో మిగిలి ఉంటుంది. “నాకు లారీ కనబడుతున్నది గనుక లారీ డ్రైవరుకు నేను కనబడుతున్నాను, ఆయన ఆపుతాడు” అని బిడ్డ నమ్ముతాడు.

మూడవది ధ్యాస. చిన్నబిడ్డ ఒక సమయంలో ఒక్కదానినే పట్టించుకోగలడు. బంతి దొర్లిందంటే వాడి లోకంలో బంతి తప్ప మరేమీ లేదు. అవతలి గట్టున నాన్న కనబడితే మధ్యలో రోడ్డున్న సంగతే గుర్తుండదు.

నాల్గవది వేగం. ఇంగ్లాండులో ప్రాథమిక పాఠశాల పిల్లలపై జరిపిన పరిశోధన ఒకటి 2011లో వెలువడింది. గంటకు 30 కిలోమీటర్లకు మించి వేగంగా ఎదురు వచ్చే బండి వేగాన్ని ఆ వయస్సు పిల్లలు సరిగా గుర్తించలేకపోవచ్చునని అందులో తేలింది. మన ఊరి రోడ్డు మీద 30కి లోబడి పోయే మోటారు సైకిళ్లు ఎన్ని ఉన్నాయో మీరే ఆలోచించండి.

చింతచెట్టు దగ్గరి లెక్క

ఈ వేగం సంగతిని బిడ్డకు మాటలతో చెప్పలేము, చూపించగలము. ఒక సాయంకాలం బిడ్డను తీసుకొని రోడ్డుకు దూరంగా అరుగు మీద కూర్చోండి. వంద మీటర్ల దూరంలో, అంటే సుమారు రెండు కరెంటు స్తంభాల అవతల, ఏదైనా గుర్తు పెట్టుకోండి. చింతచెట్టు అనుకుందాము. బండి ఆ చెట్టును దాటగానే ఇద్దరూ కలిసి, తొందరపడకుండా, సెకనుకు ఒక అంకె చొప్పున లెక్కపెట్టండి.

ఎడ్లబండి వచ్చేసరికి లెక్క వందకు దగ్గరపడుతుంది. సైకిలుకు ఇరవై దాటుతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే మోటారు సైకిలుకు ఆరు. 80 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారుకు అయిదైనా పూర్తికాదు.

తరువాత బండ్లు తిరగని చోట, ఇంటి ముంగిటనో బడి ఆవరణలోనో, ఏడు మీటర్లు కొలిచి రెండు గీతలు గీయండి. రెండు బండ్లు పక్కపక్కన పోగల తారురోడ్డు వెడల్పు అంత ఉంటుంది. బిడ్డను మామూలుగా నడిచి దాటమనండి, మళ్లీ లెక్కపెట్టండి. ఏడో ఎనిమిదో వస్తుంది. ఇప్పుడు అడగండి: “చింతచెట్టు దగ్గర మోటారు సైకిలు కనబడింది. అది ఆరు లెక్కపెట్టేలోగా వస్తుంది. నీకు ఏడు కావాలి. దాటవచ్చా?” ఎనిమిదేళ్ల బిడ్డ ఈ ప్రశ్నకు తానే జవాబు చెప్పగలడు. తాను కనుగొన్న జవాబును వాడు మరచిపోడు.

డ్రైవరు చూసి ఆపుతాడులే అనుకోవడానికీ వీలులేదు. 60 కిలోమీటర్ల వేగంలో బండి ఒక్క సెకనులో 16 మీటర్లకు పైగా పోతుంది. డ్రైవరు చూసి బ్రేకు మీద కాలు వేయడానికే సుమారు ఆ సెకను పడుతుంది. బ్రేకు వేశాక ఇంకా అంత దూరం పోయి గాని బండి ఆగదు. వాన కురిసి రోడ్డు తడిగా ఉంటే బ్రేకు వేశాక పోయే దూరం ఇంచుమించు రెట్టింపు. ఇసుకలారీ, ధాన్యం నింపిన ట్రాక్టరు ఇంకా ఎక్కువ దూరం పోతాయి.

వయస్సును బట్టి పాఠం

అయిదేళ్ల లోపు బిడ్డలకు ఒక్కటే నియమం: రోడ్డు మీద పెద్దవారి చెయ్యి వదలకూడదు. కారణాలు చెప్పవచ్చు గాని, వారి అర్థంపై ఆధారపడకూడదు. వేలు ఇవ్వడం కాదు, మణికట్టు పట్టుకోవాలి. వేలును బిడ్డ విదిలించుకుంటాడు. తారు ఎక్కడ మొదలవుతుందో ఆ అంచు చూపి, “ఇది మన గీత. ఇక్కడ కాళ్లు ఆగాలి” అని ప్రతిసారీ ఆగి చూపించండి. ఖాళీ రోడ్డయినా ఆగండి. అలవాటు కాలికి రావాలి.

అయిదు నుండి ఎనిమిదేళ్లవారికి ఆగడం, చూడడం, వినడం, మళ్లీ చూడడం నేర్పాలి. మన దేశంలో బండ్లు ఎడమవైపు నడుస్తాయి గనుక, అంచున నిలిచినవారికి దగ్గరగా వచ్చే బండి కుడివైపునుండి వస్తుంది. అందుకే మొదట కుడి, తరువాత ఎడమ, మళ్లీ కుడి చూడాలి. కుడి ఎడమలు తెలియని బిడ్డకు “అన్నం తినే చెయ్యివైపు” అంటే చాలు. తప్పుదారిలో ఎదురు వచ్చే బండ్లు మన రోడ్ల మీద తక్కువేమీ కావు గనుక, రెండువైపులా చూడకుండా ఎక్కడా దాటకూడదని కూడ చెప్పాలి.

ఈ వయస్సులో బిడ్డకు ఆజ్ఞలకంటె ప్రశ్నలే మంచి గురువులు. నానమ్మ, ఆరేళ్ల మనుమరాలు అంగడికి పోతున్నారనుకోండి. వారి మాటలు ఇలా సాగవచ్చు:

“అమ్మలూ, దాటొచ్చంటావా?”

“ఆగు నానమ్మా, అటునుంచి బండొస్తోంది.”

“దూరంగానే ఉంది గదే. పోదామా?”

“వద్దు. అది పోయినాక పోదాం.”

“పోయింది. ఇప్పుడో?”

“దాని వెనకాల ఇంకోటుందేమో చూడాలి.”

“అట్లాగా! అయితే చూసి చెప్పు, నువ్వు చెబితేనే నేనొస్తా.”

నానమ్మ ఇక్కడ ఒక్క ఆజ్ఞ కూడ ఇవ్వలేదు. బిడ్డ చేత ఆలోచింపజేసింది. అయినా చెయ్యి మాత్రం వదలలేదు. నేర్పడమంటే ఇదే.

తొమ్మిది పదేళ్లు వచ్చాక, మీరు రెండడుగులు వెనుక నడుస్తూ, బిడ్డనే ముందు నడవనివ్వండి. నిర్ణయం వాడిది, కావలి మీది. అనేక దినాలు తప్పు లేకుండా దాటిన తరువాతనే, అదీ మీరు చూపిన దారిలోనే, ఒంటరిగా పంపండి. నాలుగు వరుసల రహదారిని పిల్లలు ఎన్నడూ ఒంటరిగా దాటకూడదు. దూరమైనా సరే, కింద దారి ఉన్నచోటికి నడవాలి.

మన పల్లెల్లో ప్రత్యేకంగా చెప్పవలసినవి

పట్టణపు పుస్తకాలలో ఎర్రదీపం, పచ్చదీపం బొమ్మలుంటాయి. మన పిల్లలలో చాలామందికి దారిలో దీపమే లేదు. వారికి కావలసిన పాఠాలు వేరు.

బస్సు దిగగానే దాని ముందునుండి గాని వెనుకనుండి గాని దాటకూడదు. బస్సును దాటుకొని వచ్చే బండి మనకు కనబడదు. పల్లెవెలుగు బస్సు వెళ్లిపోయి, రోడ్డు రెండువైపులా బాగా కనబడిన తరువాతనే దాటాలి. ఆటోకూ ఇదే నియమం.

చెరకు ట్రాక్టరు వెంట పరుగెత్తి గడ లాగడం, ఖాళీ ట్రక్కుకు వేలాడడం పిల్లలకు వేడుక. ట్రాక్టరు మడ్‌గార్డు మీద బిడ్డను కూర్చోబెట్టుకోవడం తండ్రులకు ముచ్చట. ఒక్క గతుకు వస్తే బిడ్డ పడేది ఆ పెద్ద చక్రం కిందనే. కళ్లంలో, ఇంటి ముంగిట ట్రాక్టరు వెనక్కు తీసేముందు, చిన్నబిడ్డలు ఎక్కడున్నారో ఒకరు దిగి చూడాలి.

కోతల కాలంలో రోడ్డు మీద ధాన్యం ఆరబోస్తాము. సగం రోడ్డు మూసుకుపోతుంది. గింజలమీద మోటారు సైకిలు జారుతుంది. ఆ కుప్పల మధ్య పిల్లలు ఆడుకుంటారు. ఆరబోయక తప్పనిచోట పిల్లలను కాపలా కూర్చోబెట్టకండి.

కాలిబాట లేని రోడ్డు మీద ఏవైపు నడవాలి? “ఎడమవైపు నడవాలి” అని మనలో చాలామంది చిన్నప్పుడు విన్నాము. అది బండ్లకు సరైనది. నడిచేవారు మాత్రం కుడి అంచున నడిస్తే ఎదురు వచ్చే బండి కంటికి కనబడుతుంది. లేకపోతే అది వెనుకనుండి వస్తుంది. పెద్దవారు రోడ్డువైపు, బిడ్డ లోపలివైపు ఉండాలి. చీకటిపడ్డాక తెల్లని బట్టలు, చేతిలో టార్చిలైటు ఎంతైనా అవసరం.

అన్నిటికంటె ముఖ్యమైనది మరొకటి. రోడ్డుకు అవతలివైపునుండి బిడ్డను పేరు పెట్టి పిలవకండి. మీరు పిలవగానే వాడు మిమ్మల్నే చూస్తూ పరుగెత్తుకొస్తాడు. పిలుపు ప్రేమతోనిదే, ఆ పరుగు మధ్యలో రోడ్డున్నది. మీరే ఇవతలికి రండి.

నేర్పేవారు ముందు నడవాలి

బిడ్డలు మన మాటకంటె మన కాళ్లను చూసి నేర్చుకుంటారు. చెవి దగ్గర సెల్‌ఫోను పెట్టుకొని రోడ్డు దాటే తండ్రి బిడ్డకు ఏమి నేర్పుతున్నాడు? నాలుగేళ్లు దాటిన ప్రతివారూ మోటారు సైకిలు మీద హెల్మెట్ పెట్టుకోవాలని చట్టం చెబుతున్నది. తొమ్మిది నెలలనుండి నాలుగేళ్లలోపు బిడ్డలకు వారి తలకు సరిపడే హెల్మెట్, నడిపేవారికి కట్టివుంచే బెల్టు ఉండాలనీ, వేగం 40 కిలోమీటర్లు మించకూడదనీ 2023 ఫిబ్రవరి నుండి నిబంధన ఉన్నది. పెట్రోలు ట్యాంకు మీద కూర్చున్న బిడ్డకు ఇవేవీ లేవు.

పద్నాలుగేళ్ల కుమారుడు మోటారు సైకిలు నడుపుతుంటే మురిసిపోయే తల్లిదండ్రులున్నారు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం, మైనరు బండి నడిపి నేరం చేస్తే సంరక్షకునికి లేదా బండి యజమానికి 25,000 రూపాయల జరిమానా, మూడేళ్లవరకు జైలుశిక్ష పడవచ్చు. అయితే శిక్ష భయంకన్నా, ఎదురుగా నడిచి వచ్చే పొరుగువారి బిడ్డ ప్రాణం మనకు ముఖ్యం కావాలి.

2014 జులై 24న మెదక్ జిల్లా మాసాయిపేట వద్ద కాపలా లేని రైలుగేటు దాటుతున్న బడి బస్సును రైలు ఢీకొన్నది. పదిమందికి పైగా పిల్లలు చనిపోయారు. ఆ పిల్లలలో ఏ ఒక్కరూ తప్పుచేయలేదు. బ్రాడ్‌గేజ్ మార్గాలలో అటువంటి కాపలాలేని గేట్లన్నిటినీ 2019 ఆరంభానికి రైల్వేవారు తొలగించారు. రోడ్డు పాఠం ఎంత బాగా నేర్చుకున్న బిడ్డనైనా పెద్దవారి నిర్లక్ష్యం నుండి ఆ పాఠం కాపాడలేదని ఈ సంఘటన చెబుతున్నది. బిడ్డల ఆటో ఎంతమందిని ఎక్కించుకుంటున్నదో, డ్రైవరు ఎలా నడుపుతాడో విచారించడం మన పని. బడి ముందు వేగనిరోధకం కావాలని గ్రామసభలో అడగడం మన పని.

సంఘంగా కూడ చేయగలిగినది ఉన్నది. సండేస్కూలు విడిచిపెట్టగానే పిల్లలు గుంపుగా గేటులోనుండి రోడ్డు మీదికి దూసుకుపోతారు. ఆ పది నిమిషాలు ఒక పెద్ద, ఒక యౌవనస్థుడు గేటు దగ్గర నిలిస్తే చాలు. డిసెంబరు మంచులో క్రిస్మస్ పాటలు పాడుతూ రాత్రివేళ ఇల్లిల్లూ తిరిగేటప్పుడు గుంపుకు ముందొకరు, వెనుకొకరు దీపం పట్టుకొని నడవాలి. చిన్నబిడ్డలను మధ్యలో ఉంచాలి.

ఎవరికైనా ప్రమాదం జరిగితే 108కి ఫోను చేయాలని పిల్లలకు నేర్పండి. 2005 ఆగస్టు 15న మన రాష్ట్రంలోనే మొదలైన సేవ ఇది. ఊరిపేరు, దగ్గరలోని గుర్తు చెప్పడం ఇంట్లోనే అభ్యాసం చేయించండి. గాయపడినవారిని ఆసుపత్రికి చేర్చితే కేసులపాలవుతామని కొందరు జంకుతారు. సదుద్దేశంతో సహాయం చేసినవారిని చట్టం కాపాడుతుంది. 2019 సవరణలో ఆ విభాగం పేరే మంచి సమరయుడు. యెరూషలేమునుండి యెరికోకు పోయే దారిలో పడివున్నవానిని చూచి ఇద్దరు తొలగిపోయిన కథ మన పిల్లలకు బాగా తెలుసు. ఆ దారి ఇప్పుడు మన ఊరిమీదుగానే పోతున్నదని వారికి చెప్పండి.

చివరిగా ఒక మాట. ఈ పాఠానికి పుస్తకం అక్కరలేదు, డబ్బు అక్కరలేదు. వారానికి ఒక్క సాయంకాలం, అరగంట, బిడ్డతో కలిసి బడిదారిన నడవండి. ఎక్కడ ఆగాలో మీ కాళ్లు ఆగి చూపండి. ఎటు చూడాలో మీ తల తిప్పి చూపండి. రేపు ఉదయం “జాగ్రత్తగా వెళ్లు నాయనా” అని మీరు అన్నప్పుడు ఆ మాటకు అర్థమేమిటో మీ బిడ్డకు తెలిసి ఉంటుంది.